సెకండ్ లైఫ్‌లో తలుపుకు స్క్రిప్ట్ రాయడం: ఫంక్షన్లు, డేటా రకాలు

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో వస్తువుకు చలనం ఇచ్చేది లిండెన్ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్, పొట్టిగా ఎల్ఎస్ఎల్. 2003లో ఆ లోకం జనానికి తెరుచుకున్న నాటి నుంచీ తలుపులు, దీపాలు, లిఫ్టులు, బళ్లు అన్నీ దీనిమీదే నడుస్తున్నాయి. ఓపెన్‌సిమ్యులేటర్ మీద నడిచే లోకాల్లో కూడా ఇక్కడ చెప్పేది చాలావరకు పనికొస్తుంది.

భాష చిన్నదే. డేటా రకాలు ఏడే. రెండు మూడు రోజుల్లో అన్నీ కంఠతా వస్తాయి. అయినా స్క్రిప్టులు మొరాయించడానికి అసలు కారణం ఈ ఏడు రకాల దగ్గరే ఉంటుంది. రకం తప్పితే కంపైలర్ (మన రాతను చూసి నడిచే రూపంలోకి మార్చేది) కొన్నిసార్లు పట్టుకుంటుంది. చాలాసార్లు మాత్రం స్క్రిప్ట్ ఏ ఎర్రరూ లేకుండా నడుస్తూనే తప్పు పని చేస్తుంది. అందుకే ఏ ఫంక్షన్ వాడబోయినా ముందు రెండు విషయాలు చూసుకోవాలి: అది ఏ రకం విలువ తీసుకుంటుంది, ఏ రకం విలువ తిరిగి ఇస్తుంది. ఒక తలుపును మొదటి నుంచి చివరి దాకా తయారు చేస్తూ ఇదంతా చూద్దాం. ముట్టుకుంటే తెరుచుకోవాలి, 10 సెకన్లకు దానంతటదే మూసుకోవాలి, యజమాని తాళం వేసుకోగలగాలి.

పేర్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. భాషతో వచ్చే ఫంక్షన్ పేర్లన్నిటికీ ముందు రెండు చిన్న ఎల్‌లు ఉంటాయి, తర్వాత ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలవుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. ఈవెంట్ (ముట్టుకోవడం లాంటి సంఘటన) పేర్లు అన్నీ చిన్న అక్షరాలు, మాటకూ మాటకూ మధ్య అండర్‌స్కోర్. స్థిరాంకాలు (విలువ మారని పేర్లు) అన్నీ పెద్ద అక్షరాలు. ఒక్క అక్షరం చిన్నది పెద్దదైనా కంపైలర్ ఆ పేరు తెలియదంటుంది.

ముందు ప్రిమ్

కట్టడానికి అనుమతి ఉన్న నేల మీద, లేదా ఏదైనా శాండ్‌బాక్స్‌లో (ఎవరైనా కట్టి చూసుకోగల ప్రయోగ స్థలంలో), కంట్రోల్‌తో పాటు బి నొక్కి బిల్డ్ కిటికీ తెరవండి. ఒక బాక్స్ పెట్టండి. ఇలాంటి మూల ఆకారాన్నే ప్రిమ్ అంటారు. శాండ్‌బాక్స్‌లో వదిలేసిన వస్తువులు కొంతసేపటికి తిరిగి ఇన్వెంటరీకి వెళ్లిపోతాయి కాబట్టి పని ఆపేముందు ఒక కాపీ తీసుకోవడం మరవకండి.

ప్రిమ్ ఎప్పుడూ తన నడిమధ్య బిందువు చుట్టూ తిరుగుతుంది. మామూలు బాక్స్‌ను తలుపుగా పెట్టి 90 డిగ్రీలు తిప్పితే సగం గోడ లోపలికి, సగం బయటికి వస్తుంది. దీనికి పాత ఉపాయం పాత్ కట్, అంటే ఆకారంలో కొంత భాగం కోసేసే సెట్టింగ్. 1.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు తలుపు కావాలంటే బాక్స్‌ను ఎక్స్ 3.0, వై 0.2, జెడ్ 3.0 పెట్టి, పాత్ కట్ మొదలు 0.125, చివర 0.625 ఇవ్వండి. వెడల్పు సగానికి తెగి, ప్రిమ్ నడిమధ్య బిందువు సరిగ్గా తలుపు అంచు మీదికి, అంటే కీలు ఉండాల్సిన చోటికి వస్తుంది. వెడల్పును ఎక్స్ బదులు వై దిశలో పెట్టుకుంటే అంకెలు 0.375, 0.875 అవుతాయి. తప్పు జత ఇచ్చారో లేదో వెంటనే తెలిసిపోతుంది: వెడల్పు తగ్గకుండా మందం సగమవుతుంది.

ఇప్పుడు కంటెంట్ ట్యాబ్‌లోకి వెళ్లి న్యూ స్క్రిప్ట్ నొక్కండి. స్క్రిప్ట్ ముందే కొంత రాసి ఉంటుంది: డిఫాల్ట్ అనే స్టేట్ (స్క్రిప్ట్ ఉండే ఒక స్థితి), అందులో రెండు ఈవెంట్లు. స్క్రిప్ట్ మొదలవగానే ఒకటి పలకరిస్తుంది, ముట్టుకుంటే ఇంకొకటి పలుకుతుంది. అది తీసేసి మనది రాసుకుందాం. కిటికీ అడుగున మోనో అనే టిక్కు ఉంటే అలాగే ఉంచండి. 2008లో వచ్చిన ఈ మోనో వల్ల స్క్రిప్టుకు 64 కిలోబైట్ల మెమరీ దొరుకుతుంది. పాత పద్ధతిలో దొరికేది 16 మాత్రమే.

ఏడు రకాలు

ఇంటీజర్ అంటే పూర్ణసంఖ్య, 32 బిట్లు, -2147483648 నుంచి 2147483647 దాకా. అవును కాదు చెప్పడానికి ఈ భాషలో వేరే రకం లేదు. ట్రూ అంటే 1, ఫాల్స్ అంటే 0, రెండూ ఇంటీజర్లే. ఇక్కడ ఎక్కువమంది పడే గుంట భాగహారం. రెండు ఇంటీజర్లను భాగిస్తే జవాబూ ఇంటీజరే: 1 / 2 అంటే 0. దీపం వెలుగును సగం చేద్దామని ఇలా రాస్తే దీపం పూర్తిగా ఆరిపోతుంది, ఎర్రర్ మాత్రం రాదు. 1.0 / 2 అని రాస్తే 0.5 వస్తుంది. సున్నాతో భాగిస్తే స్క్రిప్ట్ మ్యాథ్ ఎర్రర్ అని అరిచి అక్కడే ఆగిపోతుంది.

ఫ్లోట్ దశాంశ సంఖ్య, ఇదీ 32 బిట్లే. రెండు ఫ్లోట్లను == తో పోల్చకండి. లెక్కలో చివరి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, సమానం కావాల్సినవి సమానం కావు. తేడా తీసి ఎల్ఎల్‌ఫ్యాబ్స్‌తో మైనస్ గుర్తు తొలగించి, అది 0.001 కంటే తక్కువేనా అని అడగండి. ఇంటీజర్‌ను ఫ్లోట్ చోట ఇస్తే భాషే మార్చుకుంటుంది. ఫ్లోట్‌ను ఇంటీజర్ చోట ఇవ్వాలంటే ముందు బ్రాకెట్లలో ఇంటీజర్ అని రాసి మీరే మార్చాలి. ఆ మార్పు దశాంశాన్ని కత్తిరిస్తుందే తప్ప దగ్గరి సంఖ్యకు సవరించదు: 2.9 కాస్తా 2 అవుతుంది, -2.9 కాస్తా -2. సవరించాలంటే ఎల్ఎల్‌రౌండ్ వాడండి.

స్ట్రింగ్ డబుల్ కోట్స్ మధ్య రాసే వాక్యం. తెలుగు అక్షరాలు నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు, కానీ హద్దులన్నీ బైట్లలో ఉంటాయి. తెలుగులో అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు ఇంకో 3. ఎల్ఎల్‌డైలాగ్ మెనూలో బటన్ మీది మాట 24 బైట్లు దాటకూడదు. «తెరువు» అన్న మాటకు మూడు అక్షరాలు, మూడు గుర్తులు కలిపి 18 బైట్లు, కాబట్టి సరిపోతుంది. «తాళం వెయ్యి» 31 బైట్లు, మెనూ రాదు, ఎర్రర్ వస్తుంది. ఒక మెనూలో బటన్లు 12కు మించవు. వస్తువు తల మీద తేలే అక్షరాలకు, అంటే ఎల్ఎల్‌సెట్‌టెక్స్ట్‌కు, హద్దు 254 బైట్లు.

కీ అంటే అవతార్‌కో వస్తువుకో టెక్స్చర్‌కో ఉండే 36 అక్షరాల గుర్తింపు. స్ట్రింగ్‌కు కీకి మధ్య మార్పు భాష తనంతట తానే చేసుకుంటుంది. అందువల్ల రెండూ ఒకటే అనిపిస్తుంది. లిస్టుల దగ్గరికి వెళ్లాక ఆ భ్రమ ఎలా దెబ్బతీస్తుందో చూద్దాం.

వెక్టర్ మూడు ఫ్లోట్ల గుత్తి, < > మధ్య రాస్తారు. స్థానం, పరిమాణం, రంగు, వేగం అన్నీ వెక్టర్లే. రంగు భాగాలు 0.0 నుంచి 1.0 దాకా ఉంటాయి. బొమ్మల సాఫ్ట్‌వేర్ల అలవాటుతో 255 రాస్తే అనుకున్న రంగు రాదు, 255తో భాగించి ఇవ్వాలి. ఆ 255 పక్కన దశాంశం పెట్టకపోతే మళ్లీ పైన చెప్పిన ఇంటీజర్ భాగహారమే. వెక్టర్ వేరియబుల్ పక్కన చుక్క పెట్టి ఎక్స్, వై, జెడ్ విడివిడిగా తీసుకోవచ్చు. ఫంక్షన్ ఇచ్చిన వెక్టర్‌కు నేరుగా చుక్క పెట్టడం కుదరదు. ఎల్ఎల్‌గెట్‌పాస్ ఇచ్చిన స్థానాన్ని ముందు ఒక వేరియబుల్‌లో వేసుకుని, దాని జెడ్ అడగాలి.

రొటేషన్

మన తలుపుకు ప్రాణం ఇదే, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. రొటేషన్‌లో నాలుగు ఫ్లోట్లు ఉంటాయి: ఎక్స్, వై, జెడ్, ఎస్. అవి డిగ్రీలు కావు, క్వాటర్నియన్ (తిప్పును నాలుగు అంకెల్లో చెప్పే గణిత పద్ధతి) భాగాలు. వాటిని చేత్తో రాయడానికి ప్రయత్నించకండి. డిగ్రీలను వెక్టర్‌గా రాసి, డెగ్_టు_రాడ్ అనే స్థిరాంకంతో గుణించి రేడియన్లు చేసి, ఎల్ఎల్‌ఆయిలర్2రాట్‌కు ఇవ్వండి. అది రొటేషన్ తిరిగి ఇస్తుంది. తలుపుకు ఇవ్వాల్సిన వెక్టర్ <0.0, 0.0, 90.0>, ఎందుకంటే నిలువు ఇరుసు జెడ్. గుణకారం మరిచిపోతే భాష 90 రేడియన్లు అనుకుంటుంది. తలుపు పద్నాలుగు చుట్లు పైన తిరిగినట్టు లెక్క వేసి, ఏదో వంకర కోణంలో ఆగుతుంది. తలుపు ప్రతిసారీ ఒకే విచిత్రమైన కోణంలో నిలుస్తుంటే ముందు ఈ గుణకారం ఉందో లేదో చూడండి.

రెండు తిప్పుళ్లు కలపాలంటే కూడిక కాదు, గుణకారం. క్రమం మారితే ఫలితం మారుతుంది. కొత్త తిప్పును ఎడమ పక్క, ఇప్పుడున్న రొటేషన్‌ను కుడి పక్క పెడితే వస్తువు తన సొంత ఇరుసు చుట్టూ తిరుగుతుంది. అటూ ఇటూ చేస్తే లోకపు ఇరుసు చుట్టూ. నిటారుగా నిలబెట్టిన తలుపుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాలుగా ఉన్న నేలమాళిగ మూతకు ఇదే స్క్రిప్ట్ వేసినప్పుడు తేడా బయటపడుతుంది. సొంత ఇరుసు క్రమాన్నే అలవాటు చేసుకోవడం మంచిది.

తెరిచేటప్పుడు +90, మూసేటప్పుడు -90 తిప్పడం అందరికీ మొదట తట్టే పద్ధతి. అది వద్దు. ప్రతిసారీ ఫ్లోట్ లెక్కలో చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి. ఎక్కడైనా ఒకసారి మూయడం తప్పిపోయినా, రెండుసార్లు జరిగినా, ఆ తర్వాత తలుపు ఎప్పటికీ తిరగబడే ఉంటుంది. తెరవబోయే క్షణంలో ఉన్న రొటేషన్‌ను ఎల్ఎల్‌గెట్‌లోకల్‌రాట్‌తో చదివి ఒక గ్లోబల్ వేరియబుల్‌లో (స్క్రిప్ట్ అంతటా అందే వేరియబుల్‌లో) దాచండి. మూసేటప్పుడు ఆ విలువనే యథాతథంగా తిరిగి పెట్టండి. స్క్రిప్ట్ మొదలైనప్పుడే దాచేస్తే, తర్వాత ఇంటి యజమాని మూసి ఉన్న తలుపును ఇంకో వైపు తిప్పి పెట్టుకున్నప్పుడు పాత విలువ పనికిరాదు. తెరిచే క్షణంలో దాస్తే ఆ సమస్య రాదు.

తిప్పడానికి ఎల్ఎల్‌సెట్‌రాట్ ఉంది, కానీ దాన్ని పిలిచిన ప్రతిసారీ స్క్రిప్ట్ 0.2 సెకన్లు నిద్రపోతుంది. ఎల్ఎల్‌సెట్‌లింక్‌ప్రిమిటివ్‌పారమ్స్‌ఫాస్ట్‌కు ఆ నిద్ర లేదు. మొదటి విలువగా లింక్_దిస్ ఇవ్వండి. రెండోది చదరపు బ్రాకెట్లలో ఒక లిస్ట్: ప్రిమ్_రాట్_లోకల్, కామా, కావాల్సిన రొటేషన్. ప్రిమ్_రొటేషన్ బదులు ప్రిమ్_రాట్_లోకల్ ఎందుకంటే, రేపు ఈ తలుపును ఇంటితో లింక్ చేస్తే ఇంటి దిశ లెక్కలోకి వచ్చి ప్రిమ్_రొటేషన్ తలుపును వంకరగా పెడుతుంది. లోకల్ అయితే ఒంటరిగా ఉన్నా, లింక్ అయినా సరిగానే నడుస్తుంది.

లిస్ట్

ఏడో రకం లిస్ట్. ఈ భాషలో అరేలు, స్ట్రక్చర్లు లేవు. ఉన్నదల్లా ఇదే. ఒకే లిస్టులో వేరు వేరు రకాలు పెట్టుకోవచ్చు, కానీ లిస్టులో ఇంకో లిస్ట్ పెట్టలేం. తలుపు తెరవగల స్నేహితుల జాబితా పెట్టాలనుకుంటే ఇదే దిక్కు. దీనితో నాలుగు జాగ్రత్తలు ఉన్నాయి, నాలుగూ మౌనంగా దెబ్బతీసేవే.

లిస్ట్ ఫంక్షన్లు మీ లిస్టును మార్చవు. మార్చిన కొత్త లిస్టును తిరిగి ఇస్తాయి. ఎల్ఎల్‌డిలీట్‌సబ్‌లిస్ట్‌ను ఊరికే పిలిచి వదిలేస్తే ఏమీ తొలగదు. ఫలితాన్ని మళ్లీ అదే వేరియబుల్‌లో వేయాలి.

ఎల్ఎల్‌లిస్ట్‌ఫైండ్‌లిస్ట్ వెతికిన చోటు సంఖ్య ఇస్తుంది, దొరక్కపోతే -1. లెక్క 0 నుంచి మొదలవుతుంది. ఈ ఫంక్షన్‌ను నేరుగా ఇఫ్‌లో పెడితే అంతా తలకిందులు: మొదటి స్థానంలో ఉన్న స్నేహితుడికి 0 వచ్చి తలుపు తెరుచుకోదు, జాబితాలో లేని ప్రతివాడికీ -1 వచ్చి తెరుచుకుంటుంది. సున్నా కానిదంతా నిజమే కదా. ఎప్పుడూ != -1 అని రాయండి.

అదే ఫంక్షన్ రకాన్ని కూడా పోల్చి చూస్తుంది. కామాలతో ఉన్న వాక్యాన్ని ఎల్ఎల్‌సీఎస్‌వీ2లిస్ట్‌తో విడగొట్టి జాబితా చేస్తే అందులో ఉన్నవన్నీ స్ట్రింగులు. ముట్టుకున్నవారి గుర్తింపు ఎల్ఎల్‌డిటెక్టెడ్‌కీ నుంచి వస్తుంది, అది కీ. అక్షరాలు అవే 36 అయినా రకాలు వేరు, వెతుకులాట -1 తోనే తిరిగొస్తుంది. వెతికే ముందు కీని స్ట్రింగ్‌గా మార్చి ఇవ్వండి.

రెండు లిస్టుల మధ్య == పెడితే పొడవులు మాత్రమే పోలుస్తుంది. మూడు పేర్లున్న ఏ రెండు లిస్టులైనా సమానమే. లోపలి విలువలు చూడదు.

పొడవును మించిన స్థానం అడిగినా ఎర్రర్ రాదు. ఎల్ఎల్‌లిస్ట్2స్ట్రింగ్ ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది, ఎల్ఎల్‌లిస్ట్2ఇంటీజర్ 0 ఇస్తుంది. జాబితాకు కొత్తవి కలిపే క్షణంలో పాతదీ కొత్తదీ రెండూ మెమరీలో ఉంటాయి కాబట్టి, లిస్ట్ 64 కిలోబైట్లలో సగానికి చేరకముందే మెమరీ చాలక స్టాక్-హీప్ కొలిజన్ అని స్క్రిప్ట్ చచ్చిపోవచ్చు. ఎల్ఎల్‌గెట్‌ఫ్రీమెమరీ ఎంత మిగిలిందో చెబుతుంది.

సొంత ఫంక్షన్లు

గ్లోబల్ వేరియబుల్స్, మీ సొంత ఫంక్షన్లు అన్నీ డిఫాల్ట్ స్టేట్ కంటే పైన రాయాలి. గ్లోబల్‌కు మొదటి విలువగా అంకెనో స్థిరాంకాన్నో ఇవ్వవచ్చు, లెక్క గానీ ఫంక్షన్ పిలుపు గానీ ఇవ్వకూడదు. 60 * 5 అని రాసినా సింటాక్స్ ఎర్రరే, 300 అని రాయాలి. మనకు రెండు గ్లోబల్స్ చాలు: మూసిన దిశను దాచే రొటేషన్, తాళం పడిందా లేదా చెప్పే ఇంటీజర్.

ఫంక్షన్‌కు ముందు అది తిరిగిచ్చే రకం రాయాలి. ఏమీ ఇవ్వకపోతే అక్కడ ఏమీ రాయకూడదు. ఇతర భాషల అలవాటుతో వాయిడ్ అని రాస్తే కంపైల్ కాదు. మొదటి ఫంక్షన్ ఒక రొటేషన్ తీసుకుని తలుపును ఆ దిశకు పెడుతుంది, ఏమీ తిరిగి ఇవ్వదు. రెండోది ఒక కీ తీసుకుని ఇంటీజర్ ఇస్తుంది: తాళం లేకపోతే ట్రూ, ఆ కీ ఎల్ఎల్‌గెట్‌ఓనర్ ఇచ్చినదే అయితే ట్రూ, మిగతా సందర్భాల్లో ఫాల్స్. ఆ చివరి ఫాల్స్ రాయడం మరిచిపోతే అన్ని దారులూ విలువ ఇవ్వడం లేదని కంపైలర్ ఫిర్యాదు చేస్తుంది. ఇది మంచి ఫిర్యాదు. కంపైల్ దశలోనే దొరికిన తప్పు తేలికగా తీరుతుంది.

ఫంక్షన్‌కు ఇచ్చే విలువలు కాపీలుగా వెళతాయి. లోపల మార్చినా బయట మారవు. మరో సంగతి: && కు రెండు వైపులా ఉన్నవి ఎప్పుడూ లెక్కకు వస్తాయి. ఎడమది అబద్ధమని తేలితే కుడిదాన్ని వదిలేసే సౌకర్యం ఈ భాషలో లేదు. సంఖ్య సున్నా కాదు, దానితో భాగిస్తే వచ్చేది 5 కంటే ఎక్కువ అని ఒకే ఇఫ్‌లో && తో రాస్తే, సున్నా వచ్చిన రోజు మ్యాథ్ ఎర్రర్ ఖాయం. ఇఫ్ లోపల ఇంకో ఇఫ్ పెట్టండి.

స్టేట్లు, ఈవెంట్లు

తలుపుకు రెండు స్థితులు ఉన్నాయి కాబట్టి రెండు స్టేట్లు. డిఫాల్ట్ అంటే మూసి ఉన్నది. రెండోదానికి ఓపెన్ అని పేరు పెట్టండి. తెరిచి ఉందా అని ఇంకో వేరియబుల్ పెట్టి ఇఫ్‌లతో నెట్టుకురావచ్చు గానీ, ఇంత స్పష్టమైన రెండు స్థితులకు స్టేట్లే శుభ్రంగా ఉంటాయి. స్టేట్ మార్పును సొంత ఫంక్షన్ లోపల రాయడానికి వీల్లేదు, ఈవెంట్‌లోనే రాయాలి.

ముట్టుకోవడానికి టచ్_స్టార్ట్ కాకుండా టచ్_ఎండ్ వాడండి. ఒక క్లిక్కులో మొదట టచ్_స్టార్ట్, చివర టచ్_ఎండ్ వస్తాయి. మొదటిదాంట్లోనే స్టేట్ మారిస్తే ఆ క్లిక్కు మధ్యలో తెగిపోతుంది, కొత్త స్టేట్‌లో తర్వాతి టచ్_స్టార్ట్ సరిగా అందదు. తలుపు ఒక క్లిక్కుకు పలికి మరో క్లిక్కుకు పలక్కపోతే కారణం చాలావరకు ఇదే.

డిఫాల్ట్‌లో టచ్_ఎండ్ వచ్చినప్పుడు ఎల్ఎల్‌డిటెక్టెడ్‌కీ(0)తో ముట్టుకున్నవారి కీ తీసుకుని మన రెండో ఫంక్షన్‌ను అడగండి. ఫాల్స్ వస్తే తాళం వేసి ఉందని ఎల్ఎల్‌సేతో చెప్పి ఆగండి. ట్రూ వస్తే ఉన్న దిశను గ్లోబల్‌లో దాచి, 90 డిగ్రీల తిప్పును దాని ఎడమ పక్క పెట్టి గుణించి, వచ్చిన రొటేషన్‌ను మొదటి ఫంక్షన్‌కు ఇచ్చి, ఓపెన్ స్టేట్‌కు వెళ్లండి. తలుపు అవతలి వైపు తెరుచుకోవాలంటే 90ను -90 చేయడమే.

ఓపెన్‌లో స్టేట్_ఎంట్రీ రాగానే ఎల్ఎల్‌సెట్‌టైమర్‌ఈవెంట్‌కు 10.0 ఇవ్వండి. టైమర్ ఈవెంట్‌లోనూ, టచ్_ఎండ్‌లోనూ పని ఒకటే: దాచిన దిశను తిరిగి పెట్టి డిఫాల్ట్‌కు వెళ్లడం. స్టేట్ మారినా టైమర్ ఆగదు, అది నడుస్తూనే ఉంటుంది. అందుకని ఓపెన్‌లో స్టేట్_ఎగ్జిట్ పెట్టి అక్కడ టైమర్‌కు 0.0 ఇచ్చి ఆపండి.

తాళం ఆజ్ఞకు ఛానెల్ 7 వాడదాం. యజమాని చాట్‌లో /7 అని కొట్టి పక్కన ఆజ్ఞ రాస్తే అది జనానికి కనబడదు. ఎల్ఎల్‌లిజన్‌కు ఛానెల్ 7, పేరుకు ఖాళీ స్ట్రింగ్, మూడో విలువగా ఎల్ఎల్‌గెట్‌ఓనర్, చివర ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి. మూడో విలువ ఉండటం వల్ల ఇంకెవరు ఏం రాసినా స్క్రిప్ట్ మేలుకోదు. ఛానెల్ 0 మీద వినడం మానుకోండి. అక్కడ చుట్టూ జరిగే ప్రతి మాటకూ స్క్రిప్ట్ లేస్తుంది, రీజియన్ (ఆ నేల ముక్క) మీద ఆ భారం పడుతుంది. స్టేట్ మారగానే వినడం రద్దవుతుంది, టైమర్‌కు సరిగ్గా వ్యతిరేకం. అందువల్ల రెండు స్టేట్ల స్టేట్_ఎంట్రీల్లోనూ ఎల్ఎల్‌లిజన్ ఉండాలి, రెండింటిలోనూ లిజన్ ఈవెంట్ ఉండాలి. వచ్చిన మాటను ఎల్ఎల్‌టులోయర్‌తో చిన్న అక్షరాలకు మార్చి పోల్చి, దాన్ని బట్టి తాళం ఇంటీజర్‌ను ట్రూ గానీ ఫాల్స్ గానీ చేయండి. ఆజ్ఞలు ఇంగ్లీషు మాటలుగా పెట్టుకోవడమే మేలు. తెలుగులో కంటికి కనిపించని జోడింపు గుర్తులు ఒక్కో కీబోర్డ్‌లో ఒక్కోలా పడతాయి, చూడటానికి ఒకేలా ఉన్న మాటలు సమానం కావు.

ఇంకో రెండు ఈవెంట్లు తప్పవు. తలుపు చేతులు మారితే వినే కీ పాత యజమానిదే ఉండిపోతుంది. ఛేంజ్డ్ ఈవెంట్‌లో ఛేంజ్డ్_ఓనర్ ఉందేమో చూసి ఎల్ఎల్‌రీసెట్‌స్క్రిప్ట్ పిలవాలి. ఆ ఇంటీజర్‌లో ఒకేసారి చాలా మార్పులు బిట్లుగా కలిసి రావచ్చు, కాబట్టి పోలిక == తో కాదు, ఒంటరి & తో. రెండోది ఆన్_రెజ్. స్క్రిప్ట్ తన స్టేట్‌ను, వేరియబుల్స్‌ను ఇన్వెంటరీలోకి వెళ్లినా మరచిపోదు. తెరిచి ఉన్నప్పుడు తీసి పెట్టుకున్న తలుపు మళ్లీ బయట పెట్టినప్పుడు ఓపెన్ స్టేట్‌లోనే లేస్తుంది. ఇక్కడ తొందరపడి రీసెట్ చేస్తే డిఫాల్ట్ మొదలవుతుంది కానీ తలుపు మాత్రం తెరిచే ఉంటుంది, ఆ తెరిచిన దిశనే మూసిన దిశగా దాచుకుంటుంది. ఓపెన్ స్టేట్‌లోని ఆన్_రెజ్, ఛేంజ్డ్ రెండింటిలోనూ ముందు దాచిన దిశను తిరిగి పెట్టి, ఆ తర్వాతే రీసెట్ చేయండి.

సేవ్ చేశాక

సేవ్ నొక్కగానే కంపైల్ అవుతుంది. ఎర్రర్ ఉంటే బ్రాకెట్లలో వరుస, నిలువు సంఖ్యలు కనిపిస్తాయి. అవి 0 నుంచి మొదలవుతాయి, కాబట్టి చూపించిన 11 మీ లెక్కలో 12వ వరుస. సింటాక్స్ ఎర్రర్ అయితే ఆ వరుసలో ఏ తప్పూ కనబడకపోవచ్చు. పై వరుస చివర సెమీకోలన్ మరిచిపోయి ఉంటారు, చూడండి. టైప్ మిస్‌మ్యాచ్ అంటే ఒక రకం అడిగిన చోట ఇంకోటి ఇచ్చారు. ఆర్గ్యుమెంట్ల సంఖ్య గానీ రకం గానీ తప్పితే ఫంక్షన్ పిలుపు సరిపోలడం లేదని వేరే ఎర్రర్ వస్తుంది.

కంపైల్ అయి కూడా తప్పుగా నడుస్తుంటే ఎల్ఎల్‌ఓనర్‌సేతో అనుమానం ఉన్న విలువలు బయట పెట్టించండి. అది మీకు తప్ప ఎవరికీ వినబడదు. వేరే రకాలను స్ట్రింగ్‌గా మార్చి + తో కలపాలి. ఎల్ఎల్‌సే 20 మీటర్ల వరకు వినబడుతుంది, ఎల్ఎల్‌విస్పర్ 10, ఎల్ఎల్‌షౌట్ 100. పరీక్షల మాటలు పక్కవాళ్ల చాట్‌లో పడేయకపోవడం మర్యాద.

స్క్రిప్ట్ ఆలస్యంగా స్పందిస్తుంటే నిద్రపుచ్చే ఫంక్షన్ల కోసం వెతకండి. ఎల్ఎల్‌సెట్‌పాస్ 0.2 సెకన్లు, ఎల్ఎల్‌డైలాగ్ 1 సెకను, ఎల్ఎల్‌ఇన్‌స్టంట్‌మెసేజ్ 2 సెకన్లు, ఎల్ఎల్‌ఈమెయిల్ 20 సెకన్లు ఆపేస్తాయి. ఆ లోపు వచ్చిన ఈవెంట్లు వరుసలో నిలబడతాయి. వరుసలో 64 దాటితే మిగతావి చెప్పాపెట్టకుండా పోతాయి. జనం ఎక్కువగా వచ్చే తలుపుకు ప్రతి క్లిక్కుకూ యజమానికి సందేశం పంపించే ఏర్పాటు పెడితే సరిగ్గా ఇదే జరుగుతుంది. అలాంటి నిద్రపోయే పనిని రెండో స్క్రిప్టుకు అప్పగించి, ఎల్ఎల్‌మెసేజ్‌లింక్డ్‌తో దానికి కబురు పెట్టండి. తలుపు స్క్రిప్ట్ మెలకువగానే ఉంటుంది.

తలుపును ఎవరికైనా ఇచ్చేముందు వస్తువు అనుమతులతో పాటు లోపలి స్క్రిప్ట్ అనుమతులు కూడా విడిగా చూసుకోండి. స్క్రిప్ట్‌కు తర్వాతి యజమాని మార్చుకునే హక్కు తీసేస్తే వాళ్లకు అందులోని రాత కనబడదు. తలుపు పరిమాణం, రంగు మాత్రం వస్తువు మీద ఆ హక్కు ఉన్నంతకాలం మార్చుకోగలరు.